ఆ మూడు మెగాబైట్లు తీసింది నేనే

ఇప్పుడు నా బల్ల మీదున్న కంప్యూటర్‌లో బొమ్మల కోసం విడిగా ఎంత మెమరీ ఉందో నాకు సరిగ్గా గుర్తుండదు. గుర్తుంచుకోవలసిన అవసరం లేనంత ఉంది. తొంభైల చివర్లో చందానగర్‌లో మేము కిరాయికి ఉన్న రెండు గదుల ఇంట్లో నా మొదటి లాప్‌టాప్‌కు ఎంత ఉండేదో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మొత్తం పదహారు మెగాబైట్లు. అందులోంచే తెర మీద బొమ్మ గీయడానికి ఒకటి. చవక రకం కాబట్టి, బొమ్మలకు వేరే చిప్పు పెట్టకుండా పనికీ బొమ్మకీ కలిపి ఒకే గిన్నెలో వడ్డించారు. బొమ్మకు ఎక్కువ పెడితే పనికి తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే నేను చేసిన తప్పు మొత్తం అర్థమవుతుంది.

ఆఫీసులో కుర్రవాళ్లు అప్పుడప్పుడూ అంటుంటారు, "మీ రోజుల్లో అన్నీ కొరతే కదా సార్, అందుకే మీకు అంత క్రమశిక్షణ" అని. నేను ఒప్పుకోను. కొరత నాకు క్రమశిక్షణ నేర్పలేదు. దొంగతనం నేర్పింది. ఈ మాట కూడా పూర్తిగా నిజం కాదు. అదే కొరతలో నా పక్కనే ఉన్న మనిషి దొంగతనం నేర్చుకోలేదు. కాబట్టి ఆ నేరం కొరత మీద వేయడానికి లేదు.

ఆ మనిషి నా భార్య. సంగారెడ్డి వైపు అమ్మాయి, మిషన్ దవాఖానలో శిక్షణ పొందిన నర్సు. మా పెళ్లినాటికే సిటీలో ఒక పెద్ద ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసేది. పెళ్లయ్యాక రెండేళ్లు గడిచినా ఆ డ్యూటీ మారలేదు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె బస్సెక్కడానికి చెప్పులు వేసుకుంటూ ఉండేది. పొద్దున ఆమె వచ్చేసరికి నేను బయలుదేరేవాణ్ణి. మేము గుమ్మం దగ్గర కాపురం చేశామని చెబితే అతిశయోక్తి కాదు.

ఆ రోజుల్లోనే మాదాపూర్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలు మొదలయ్యాయి. అమెరికాలో డాక్టరు చెప్పిన మాటల రికార్డింగ్ వస్తుంది, ఇక్కడ కూర్చుని విని టైపు చేయాలి. మందుల పేర్లు, జబ్బుల పేర్లు ముందే తెలిసినవాళ్లకు సులువు. పగటి పూట ఉద్యోగం. ఆమె శేరిలింగంపల్లి స్టేషన్ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. నలభై మందికి ఆరు కంప్యూటర్లు ఉండటం వల్ల అక్కడ పాఠం వినడమే. టైపింగ్ ఇంటి దగ్గర చేసుకోవాలి. క్యాసెట్లో ఒక వైపున్న రిపోర్టును ముప్పై నిమిషాల్లోపు కొట్టాలి. ఎంతసేపు పట్టిందో ఎవరిది వాళ్లే నోటుబుక్కులో రాసుకుని వారం వారం చూపించాలి. అక్కడి మేడం ఆ లెక్కలు చూసి కొందరి పేర్లు కంపెనీకి పంపేవారు. ఆ జాబితాలో పేరుంటే పగటి ఉద్యోగానికి పరీక్ష రాయవచ్చు. లేకపోతే మళ్లీ రాత్రి బస్సే.

లాప్‌టాప్ కొన్నది ఆమె అభ్యాసం కోసమే. విదేశం నుంచి తిరిగొచ్చిన మా సీనియర్ ఒకాయన తన పాతది వదిలించుకుంటుంటే తీసుకున్నాను.

నేను పనిచేసే చిన్న కంపెనీ, మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనం కిటికీలోంచి కనబడే ఒక సందులో ఉండేది. ఆ భవనంలో ఉద్యోగానికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఇంగ్లీషు చాలదన్నారు. మా పని పాత ప్రోగ్రాములను సరిచేయడం. ఎప్పుడో వాటిని రాసినవాళ్లు మెమరీ కలిసొస్తుందని, 1998కి బదులు 98 అని, సంవత్సరానికి రెండంకెలే రాసుకున్నారట. రెండు వేల సంవత్సరం వస్తే అవన్నీ బోల్తా పడతాయని, వాళ్లు మిగుల్చుకున్న రెండంకెలను రోజంతా మేము తిరిగి పెడుతూ ఉండేవాళ్లం.

నా పక్క కుర్చీ మిత్రుడు కార్ల పందెం ఆట సీడీ ఒకటి ఇచ్చాడు. ఇంటికెళ్లి పెడితే, బొమ్మలకు నాలుగు మెగాబైట్ల మెమరీ కావాలి, నీ దగ్గర చాలదు అని ఒక బూడిద రంగు పెట్టె తెర మీదకు వచ్చి ఆట ఆగిపోయింది. మర్నాడు అతనికి చెప్పాను.

"నీ డబ్బాల కారు ఉరకదు భాయ్. ఎడ్లబండి పందెం ఉంటే చెప్పు, తెచ్చిస్త" అని నవ్వాడు.

"తమాషా చాలు. ఎందుకు నడవదో చెప్పు."

"బొమ్మకు జాగ లేదు. ఆట నీకో బొమ్మ చూపించుకుంట, ఎనక ఇంకో బొమ్మ గీస్తుంటది. రెండిటికీ జాగ కావాలె. నీ దాంట్ల ఒక్కదానికే ఉంది." నా మొహం చూసి జాలిపడ్డాడేమో, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఫికర్ చెయ్యకు. ఆన్ చెయ్యంగనే సెటప్‌ల పో. బొమ్మకు ఒకటా, రెండా, నాలుగా అని ఉంటది. నాలుగు పెట్టు. ఆడినంక యాద్ మరువకుండ మళ్ల ఒకటి పెట్టు. లేకుంటే మిగతా పనులన్నీ నత్త లెక్క నడుస్తయ్."

చివరి మాట కూడా చెప్పాడు. నాకు తెలియక జరిగిందని ఎవరైనా అనుకుంటారేమోనని ఈ వాక్యం రాస్తున్నాను.

ఆ సాయంత్రం ఆమె బస్సెక్కాక నాలుగు పెట్టాను. ఆట లేచింది. తెరంతా నిండితే కారు కదలడం లేదు. తగ్గిస్తూ తగ్గిస్తూ పోస్టుకార్డంత కిటికీకి తెచ్చాను. ఆకాశం చారలు చారలుగా వచ్చింది. కొండలకు రంగు రాలేదు, నల్లటి ముద్దల్లా నిలబడ్డాయి. ఎదురొచ్చే కార్లు ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు కళ్లముందు ప్రత్యక్షమయ్యేవి. నా కారు ఎర్ర చీమంత ఉంది. అయినా నడిచింది. చాలదు అన్న యంత్రం మీద నేను కారు నడిపాను. పొద్దున బొంబాయి రోడ్డు మీద బస్సు ఫుట్‌బోర్డు పట్టుకుని వేలాడే మనిషికి ఆ ఎర్ర చీమ ఎంత ఇచ్చిందో ఇవాళ తక్కువ చేసి చెప్పలేను. పెద్దవయసులో కూర్చుని, అదంతా పిచ్చి, కాలం పాడుచేసుకున్నాను అని రాస్తే చదివేవాళ్లకు నచ్చుతుందని తెలుసు. నేను రాయను. ఆ ఆట నాకు ఇష్టం. ఇప్పటికీ ఇష్టం.

మొదటి వారం ఆడటం కాగానే బుద్ధిగా మళ్లీ ఒకటికి మార్చేవాణ్ణి. మార్చాలంటే బండి (లాప్‌టాప్‌ను మేము అలాగే అనేవాళ్లం) ఆపి, మళ్లీ లేపాలి. ఐదు నిమిషాలు పడుతుంది. రెండో వారం ఒకరోజు మానేశాను. తరువాత వారానికి నాలుగు రోజులు మానేశాను. ఆ ఐదు నిమిషాల బద్ధకమే నా నేరం మొత్తం. అంత చిన్నదని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంటుంది.

ఆమె పొద్దున వచ్చి, కాసేపు పడుకుని, మధ్యాహ్నం టైపింగుకు కూర్చునేది. కొన్ని రోజులు బండి బాగానే ఉండేది. కొన్ని రోజులు అక్షరం కొడితే ఊపిరి పీల్చుకుని వదిలినంత సేపటికి తెర మీదకు వచ్చేది. లోపల డిస్కు గరగరమంటూ ఉండేది. ఇటు క్యాసెట్లో డాక్టరు ఆగకుండా చెప్పుకుపోయేవాడు. వెనక్కి తిప్పి, మళ్లీ విని, మళ్లీ కొట్టేసరికి నలభై నిమిషాలు, నలభై ఐదు. ఉన్నదున్నట్టు నోటుబుక్కులో రాసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండగానే ఆమె టైపింగ్ ఆపి, రెండు చేతులూ వెలుతురులో పెట్టుకుని చూసుకుంది.

"నా వేళ్లు మొద్దుబారినయేమో. ఏళ్ల సంది సూదులు పట్టి పట్టి."

"ప్రాక్టీసు చేస్తే అదే వస్తుందిలే" అన్నాను.

నా జీవితంలో నేను పలికిన అతి నీచమైన వాక్యం ఇదే. వినడానికి ఓదార్పులాగే ఉంది కదా. అంతకుముందు సాయంత్రం నాలుగు పెట్టి మార్చకుండా పడుకున్నానని ఆ క్షణంలో నాకు తెలుసు.

అంతటితో ఆగలేదు. "ఎవరు చూడొచ్చారు, ముప్పై అని రాసెయ్" అని సలహా కూడా ఇచ్చాను.

ఆమె నా వైపు ఎలా చూసిందంటే, వార్డులో తప్పు మందు తెచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. "చూడకుండనే బీపీ చార్ట్‌ల రాయమంటవా? గట్ల రాసే నర్సు చేతిల ఎందరు పోయిన్రో నీకు ఎర్కనా?"

ఆ మాట మీద ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. జబ్బు తనదో, బండిదో తేలాలంటే బండికి చార్టు రాయాలి. నోటుబుక్కు వెనక పేజీల్లో గళ్లు గీసింది. తేదీ, ఎన్ని గంటలకు ఆన్ చేసింది, లేవడానికి ఎంతసేపు పట్టింది, ఎలా నడిచింది. ఆన్ చేయగానే నల్లటి తెర మీద మెమరీని లెక్కపెడుతూ ఒక అంకె గబగబా పెరిగి ఆగుతుంది. అది ఏమిటో ఆమెకు తెలియదు. కానీ రోగి రాగానే మొదట కనబడేది ఏదైనా రాసుకోవాలన్నది ఆమె చదువు. ఆ అంకె కూడా రాసింది.

మూడు వారాల తర్వాత, పొద్దున నేను బూట్లు వేసుకుంటుంటే ఆ పేజీ నా ముందు పెట్టింది.

"గీ నంబరు పదిహేను వేల మూడొందల అరవై ఉన్ననాడు మంచిగ ఉంటది. పన్నెండు వేల రెండొందల ఎనభై ఎనిమిది ఉన్ననాడు మూలుగుతది. ఒక్కరోజు గూడ తప్పలే. నడిమిట్ల మూడు వేలు ఏడికి పోతున్నయ్? కంప్యూటర్ చదివినోడివి, చెప్పు."

మూడు వేల డెబ్బై రెండు కిలోబైట్లు. మెగాబైటుకు వెయ్యి ఇరవై నాలుగు చొప్పున సరిగ్గా మూడు మెగాబైట్లు. మా ఆఫీసులో ఎవరూ అంత శుభ్రంగా తప్పు పట్టుకోవడం నేను చూడలేదు. అప్పుడైనా చెప్పవలసింది.

"వేడికి ఒక్కోసారి అలా చూపిస్తుంది" అన్నాను.

ఆమె నమ్మింది. నేను చదివినవాణ్ణి కాబట్టి నమ్మింది. "అయితే బండిదే తప్పు. రేపు దాన్ని ఎత్తుకొని నువ్వు గూడ రావాలె. మేడం ముంగట ఆన్ చేసి చూపిస్త. జాబితా పోకముందే తేలాలె."

ఆ సాయంత్రం ఆమె డ్యూటీకి వెళ్లాక నేను ఆట ఆడలేదు. సెటప్‌లోకి వెళ్లి నాలుగును ఒకటిగా మార్చాను. మేడం ముందు బండి బాగా నడుస్తుంది, ఆమె బాగా కొడుతుంది, గొడవ ముగుస్తుంది, నా సంగతి ఎవరికీ తెలియదు. ఎంత తెలివైన ఏర్పాటు చేశానో అనుకుంటూ పడుకున్నాను.

మర్నాడు ఆటోలో ఆ లాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాం. మేడం పూర్వం స్టెనోగా పనిచేసి రిటైరైన పెద్దావిడ, కోస్తా మనిషి. నలుగురైదుగురు విద్యార్థులు కూడా చుట్టూ చేరారు. ఆమె ఆన్ చేసింది. పదిహేను వేల మూడు వందల అరవై. క్యాసెట్ పెట్టింది, కొట్టింది. ఇరవై ఎనిమిది నిమిషాలు.

"బ్రహ్మాండంగా ఉందండీ," అన్నారు మేడం. తర్వాత నోటుబుక్కు తిరగేశారు. "మరి ఇదే మిషను మీద ఇంట్లో నలభై ఐదు అని రాశారేమిటండీ? ఏది నిజం అనుకోమంటారు?"

వెనక ఎవరో అమ్మాయి, "ఇంట్ల మిషను నిద్రపోతదేమో మేడం" అంది. అందరూ నవ్వారు.

నా భార్య చార్టు పేజీ తీసి పట్టుకుని నిలబడింది. చూపించడానికి ఏమీ లేదు. రోగి సరిగ్గా డాక్టరు ముందుకు రాగానే లేచి కూర్చున్నాడు. ఆమె మొహంలో మొదటిసారి తన మీద తనకే అనుమానం కనబడింది. నేను కప్పిపుచ్చింది నా తప్పును. అబద్ధం మాత్రం ఆమె రాసినట్టు తేలింది.

"మేడం," అన్నాను. "ఆ చార్టు నిజం. మూడు మెగాబైట్లు తీసింది నేనే. కార్ల ఆట కోసం. తిరిగి పెట్టకుండా వదిలేసేవాణ్ణి. నిన్న సాయంత్రం ఎవరికీ తెలియకుండా తిరిగి పెట్టాను."

నవ్విన అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నేను నమ్ముతానండీ. కానీ పేర్లు పొద్దున్నే పంపించేశాను. తర్వాతి బ్యాచి మూడు నెలలకే."

తిరుగు ఆటోలో లాప్‌టాప్‌ను ఆమె తన ఒళ్లో పెట్టుకుంది. చందానగర్ మార్కెట్ దగ్గర ఆటో ఆగినప్పుడు అడిగింది.

"ఎన్ని దినాలాయె?"

"రెండు నెలలు."

"నా వేళ్లు మొద్దుబారినయ్ అన్ననాడు నీకు ఎర్కేనా?"

"తెలుసు."

ఆమె ఆటోను పోనిమ్మంది. ఆ సాయంత్రం చెప్పులు వేసుకుని, ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్లిపోయింది. ఇంకో మూడు నెలలు వెళ్లాల్సిందే కదా.

మర్నాడు ఆమె వచ్చేసరికి నేను ఆటను చెరిపేయడానికి కూర్చున్నాను. నా పశ్చాత్తాపం ఆమె చూడాలని అంతవరకు ఆగానని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆమె చూసింది.

"తియ్యకు."

"ఎందుకు? దీనివల్లే కదా ఇదంతా."

"అది తీసేస్తే సైతాను పోయిండని సంబురపడుతవ్. ఆట ఏం జేసింది? నువ్వు చేసినవ్. ఆడుకో. గని వార్డుల డ్యూటీ అప్పజెప్పినట్టు అప్పజెప్పు."

అలా మొదలైంది మా ఇంటి పద్ధతి. ఆడే ముందు అంకె రాయాలి, ఆడాక మార్చి, మళ్లీ లేపి, కొత్త అంకె రాసి సంతకం పెట్టాలి. పొద్దున ఆమె చూసి తన సంతకం పెడుతుంది. ఆ మూడు నెలల్లో ఒక్కరోజూ తప్పలేదని రాయాలని ఉంది. రెండుసార్లు తప్పాను. ఆ రెండు రోజులనూ ఆమె ఎర్ర పెన్నుతో చుట్టి, పక్కన ఏమీ రాయకుండా వదిలేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

రెండో బ్యాచిలో ఆమె పేరు వెళ్లింది. మాదాపూర్ కంపెనీలో పరీక్ష రాసింది. ఇరవై ఆరు నిమిషాలు. నేను రెండుసార్లు తిరిగొచ్చిన ఆ గుండ్రటి భవనం ముందు నుంచే ఇక రోజూ పొద్దున నడిచి వెళ్తుంది.

ఉద్యోగం వచ్చిన సందర్భంగా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. మా చర్చి సంఘంలో పెద్ద అయిన ఆమె అన్నయ్య వచ్చాడు. ఆయనకు సంగతంతా తెలిసింది. బైబిలు వాక్యం చదవడం అయ్యాక, చాప మీద కూర్చున్న వాళ్లందరి ముందూ నన్ను లేపాడు.

"బావా, సాక్ష్యం చెప్పు. ఆటల పిచ్చిలకెళ్లి దేవుడు నిన్ను ఎట్ల ఇడిపించిండో చెప్పు. పిల్లలు గూడ వింటరు."

లేచాను. ఆయన కోరిన సాక్ష్యం నాకు తెలుసు. అలాంటివి ఎన్నో విన్నాను. వదిలేశాను, కాల్చేశాను, మారిపోయాను. అందరూ తలలూపుతారు, ఒక పాట పాడతారు, మనిషి తేలికపడతాడు. నాకు తేలికపడే హక్కు లేదనిపించింది.

"విడిపించలేదు బావగారూ," అన్నాను. "నిన్న కూడా ఆడాను. ఆట పాపమని నేను చెప్పను. ఈమె వేళ్ల మీద ఈమెకే నమ్మకం పోయేదాకా నోరు మూసుకుని కూర్చున్నాను. ఇన్‌స్టిట్యూట్‌లో అబద్ధాలకోరులా నిలబెట్టాను. మూడు నెలల రాత్రులు ఈమెవి నేను తీసుకున్నాను. మూడు మెగాబైట్లు తిరిగి పెట్టగలిగాను. ఆ రాత్రులు పెట్టలేను. ఇదీ నా సాక్ష్యం."

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "గట్ల కాదు బావా. జర మంచిగ చెప్పు."

ఆడవాళ్ల వైపు నుంచి, తల మీది కొంగు సర్దుకుంటూ ఆమె గొంతు వినబడింది.

"చెప్పనీ అన్నా. చార్ట్‌ల ఉన్నదే చెప్తుండు."

ఆ తర్వాతి సోమవారం పొద్దున ఇద్దరం మొదటిసారి ఒకే బస్సెక్కాం. ఆమెకు సీటు దొరికింది. నేను ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాను. బయలుదేరే ముందు ఆమె లాప్‌టాప్ ఆన్ చేసి, అంకె పెరిగి ఆగేదాకా చూసి, నోటుబుక్కులో సంతకం పెట్టింది. ఇక ఆ బండి మీద ఆమెకు పనేమీ లేదు. అయినా చూసింది.